బీమా కంపెనీ దివాలా తీయకుండా ఉండాలంటే ఎంత మూలధనం కావాలి?

నమస్కారం అండీ. నాలుగు రోజులుగా క్రామెర్-లుండ్‌బర్గ్ మోడల్‌తో (వచ్చే ప్రీమియం, పోయే క్లెయిమ్‌లను బట్టి కంపెనీ దివాలా తీసే అవకాశాన్ని లెక్కగట్టే మోడల్) కుస్తీ పడుతున్నాను, ఒకచోట గట్టిగా ఇరుక్కుపోయాను.

క్లెయిమ్ మొత్తాలు ఎక్స్‌పొనెన్షియల్ పంపిణీలో (పెద్ద క్లెయిమ్‌ల అవకాశం వేగంగా తగ్గిపోయే పంపిణీ) ఉంటాయనుకుని, సగటు క్లెయిమ్ 1 యూనిట్, ప్రీమియంలో 20 శాతం లోడింగ్ (సగటు క్లెయిమ్‌ల ఖర్చు మీద అదనంగా వసూలు చేసేది) పెట్టి లెక్క వేస్తే, ఎప్పటికైనా దివాలా తీసే అవకాశం 0.5 శాతానికి తగ్గాలంటే చేతిలో దాదాపు 31 యూనిట్లు ఉండాలని తేలింది. కానీ ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లు వస్తాయన్నది ఆ ఫార్ములాలో ఎక్కడా లేదు! వంద వచ్చినా లక్ష వచ్చినా అదే 31 సరిపోతుందా? క్లెయిమ్‌లు పెరగడమంటే గడియారం వేగంగా తిరగడమే అని ఒప్పుకుంటాను, అయితే సాల్వెన్సీ 2 నిబంధనలు (బీమా కంపెనీల మూలధనంపై యూరోపియన్ యూనియన్ నియమాలు) ఒక్క ఏడాదికే 99.5 శాతం భద్రత చూస్తాయి కదా, మరి ఈ రెండింటినీ ఎలా పోల్చాలి?

అసలు టెన్షన్ ఇంకోటి. తుపాన్లు, భూకంపాల్లాంటి వాటికి పారెటో (చాలా పెద్ద క్లెయిమ్‌లకు కూడా చెప్పుకోదగ్గ అవకాశమిచ్చే పంపిణీ) పెడితే లుండ్‌బర్గ్ గుణకమే (మూలధనం పెరిగేకొద్దీ దివాలా అవకాశం ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే అంకె) ఉండదు. పోనీ అని సిమ్యులేషన్ చేస్తే, ఒక్క పెద్ద క్లెయిమ్ పడగానే కావలసిన మూలధనం ఎక్కడికో వెళ్లిపోతోంది, రన్ చేసిన ప్రతిసారీ వేరే అంకె.

ఇలాంటప్పుడు ముందు రీఇన్సూరెన్స్‌తో (బీమా కంపెనీ తనకు తాను తీసుకునే బీమా) ఒక్కో క్లెయిమ్‌కు పైహద్దు పెట్టి ఆ తర్వాత లెక్క వేయాలా, లేక తోకను, అంటే అరుదుగా వచ్చే భారీ క్లెయిమ్‌లను, విడిగా అంచనా కట్టాలా? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.