గోల్ఫ్‌లో స్లైస్ పోవాలంటే వీడియో పాఠాలు సరిపోతాయా, కోచ్ కావాల్సిందేనా?

కొత్త_గోల్ఫర్_నిజాంపేట్:
డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) తీస్తే చాలు, స్లైసే. బంతి ఎడమకి బయల్దేరి కుడికి వంగి చెట్లలో పడుతోంది. నాది కుడిచేతి వాటం. ఐరన్లు (దగ్గరి షాట్ల క్లబ్బులు) పర్వాలేదు. యూట్యూబ్‌లో ఒకాయన గ్రిప్ మార్చమంటాడు, ఇంకొకాయన ముందు నడుము తిప్పమంటాడు. రెండూ చేస్తే అసలు బంతే తగలట్లేదు. వీడియోలతో నెట్టుకురావచ్చా, ప్రాక్టీస్ రేంజ్‌లో కోచ్‌కి డబ్బు కట్టాలా?

గోల్కొండ_తాతయ్య:
కోచ్ దగ్గరికి వెళ్లు బాబూ. యూట్యూబ్‌లో ఆయన నీ స్వింగ్ చూశాడా ఏమన్నానా?

ఫ్రిస్కో_రెడ్డి:
తాతయ్య గారూ, అది పాత కాలం మాటండీ. డౌన్‌స్వింగ్ అంతా కలిపి పావు సెకను. ఎంత పెద్ద కోచ్ అయినా కంటితో ఏం పట్టుకుంటాడు? ఇప్పుడు చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేములు వస్తున్నాయి.
ఇంకోటి. బంతి బయల్దేరే దిక్కు స్వింగ్ పాత్‌ని (క్లబ్ వచ్చే దారిని) బట్టి ఉంటుందని ఏళ్ల తరబడి నేర్పారు. ట్రాక్‌మ్యాన్ లాంటి, బంతినీ క్లబ్‌నీ కొలిచే రాడార్లు వచ్చాక అది తప్పని తేలింది. దిక్కు చాలావరకు క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) చేతిలో ఉంది. ఫేస్‌కీ పాత్‌కీ ఉన్న తేడాని బట్టి బంతి వంగుతుంది. తమ్ముడి క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా వస్తోంది. ఫేస్ టార్గెట్‌కి ఎడమకే ఉన్నా, ఆ పాత్‌తో చూస్తే కుడికి తెరుచుకునే ఉంది. ఇదంతా వీడియోల్లో ఉచితంగా దొరుకుతుంది. పాత పాఠమే అప్పజెప్పే కోచ్‌కి మాత్రం గంటకింత అని కట్టాలి.

గోల్కొండ_తాతయ్య:
మీ ఫోన్ ఎక్కడ పెడతారు?

ఫ్రిస్కో_రెడ్డి:
వెనకాల, ట్రైపాడ్ మీద.

గోల్కొండ_తాతయ్య:
వెనకాల అంటే బంతి వెనకా, చేతుల వెనకా?

ఫ్రిస్కో_రెడ్డి:
చేతుల వెనక, నడుం ఎత్తులో. ఆ మాత్రం అందరికీ తెలుసు సార్.

గోల్కొండ_తాతయ్య:
అందరికీ తెలియదు. మా రేంజ్‌లో బకెట్ మీద ఫోన్ ఆనించి తీస్తారు. ఒక్క అడుగు పక్కకి జరిగితే శుభ్రంగా ఉన్న స్వింగ్ కూడా బయటి నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ వీడియో మీద యాప్‌లో గీతలు గీసుకుని, లేని జబ్బుకి మందు మింగుతారు.

ఫ్రిస్కో_రెడ్డి:
నేను అలైన్‌మెంట్ కర్ర నేల మీద వేసి, దాని వెంబడి చూసుకుని పెడతాను. బకెట్ వాళ్ల లెక్క నాకెందుకు చెబుతారు?

బోగీ_బ్రహ్మం:
ట్రైపాడ్‌కి వేరే థ్రెడ్ పెట్టుకోండి మహాప్రభో.

వైజాగ్_ఐరన్:
మన గోల్ఫర్ చౌరాసియా సంగతి మరిచారా? వాళ్ల నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్‌కీపర్ (గడ్డి చూసుకునేవాడు). మెంబర్లు ఆడుతుంటే చూసి నేర్చుకున్నాడు. 2016, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ కొట్టాడు. చూసి నేర్చుకోవచ్చు అనడానికి ఇంకేం కావాలి?

గోల్కొండ_తాతయ్య:
ఆయన చిన్నప్పటి నుంచీ కోర్సులోనే ఉన్నాడు నాయనా. ఫోన్లో చూశాడా? అమెరికా గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్‌ని తీసుకో. క్లబ్ పైకెళ్లి ఒక మెలిక తిరిగి దిగుతుంది. ఈ గీతల యాప్‌లో పెడితే ఒక్క గీతకీ కుదరదు. ఆయన 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ట్రావెలర్స్ టోర్నీలో ఒక రౌండ్ 58 దెబ్బల్లోనే ముగించాడు.

వైజాగ్_ఐరన్:
ఫ్యూరిక్‌కి నేర్పింది వాళ్ల నాన్నే కదండీ.

గోల్కొండ_తాతయ్య:
అదే అంటున్నా. పక్కన ఒకరున్నారు.

బోగీ_బ్రహ్మం:
రెడ్డి గారూ, పీజీఏ ఆఫ్ అమెరికా (అక్కడి గోల్ఫ్ కోచ్‌ల సంఘం) హెడ్డాఫీసు టెక్సస్‌లో మీ ఫ్రిస్కోలోనే కదా, మీకు ఒక్క కోచ్ దొరకలేదా?

ఫ్రిస్కో_రెడ్డి:
దొరికాడు. ప్యాకేజీ అని ముందే డాలర్లు కట్టించుకున్నాడు. పక్క బేలో (ప్రాక్టీస్ గడిలో) హైస్కూల్ టీమ్ పిల్లాడికి భుజం పట్టుకుని, మోచెయ్యి సర్ది, మోకాళ్ల మీద కూర్చుని మరీ చూపించేవాడు. నా దగ్గరికొచ్చి "గుడ్, గుడ్, ఇంకో బంతి" అని ఫోన్ చూసుకునేవాడు. నలభై దాటినవాడు, వీడేం ఆడతాడులే అని ముఖంలోనే కనబడేది. వీడియో నన్ను అలా చూడదు. మీకు క్లబ్ మెంబర్‌షిప్ ఉండి ఉంటుంది, అందుకే కోచ్ దగ్గరికి వెళ్లు అని తేలిగ్గా అనేస్తారు.

గోల్కొండ_తాతయ్య:
మెంబర్‌షిప్పా? నాకెవరిచ్చారయ్యా? సికింద్రాబాద్ మిలిటరీ కోర్సులో క్యాడీ (ఆటగాళ్ల బ్యాగ్ మోసేవాడు) నేర్పాడు నాకు. నోరు పారేసుకోకు. మా మనవడికి రేంజ్‌లో నీలాంటి వీడియో మేధావి ఒకడు, ఎవరూ అడక్కుండానే, ఎడమ మణికట్టు లోపలికి వంచి కొట్టమని చెప్పి వెళ్లాడు. వాడు నెలంతా అలాగే కొట్టి చెయ్యి నొప్పి తెచ్చుకున్నాడు. ఇప్పుడు బ్యాగ్ ముట్టుకోడు. వీడియోలు చూసుకోండి, నాకేం? చూసి పక్కవాళ్లకి పాఠాలు చెప్పడం దేనికి?

ఫ్రిస్కో_రెడ్డి:
అడక్కుండా చెప్పేవాళ్లు వీడియోలు రాకముందు లేరా?

ఏడో_ఐరన్_లక్ష్మి:
నేను కొట్టేటప్పుడు రేంజ్‌లో ప్రతి మగవాడూ కోచే. క్లబ్ పట్టుకుంటే చాలు, వెనక ఎవరో "మేడమ్, తల దించండి" అంటారు. అందుకే నేను ఆన్‌లైన్ కోచ్‌కి మారాను. ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి వీడియో పంపిస్తా. ఆయన ఒక్కడే చూస్తాడు, ఒక్కటే చెబుతాడు, అది కుదిరేదాకా రెండోది చెప్పడు.
నాదీ ఈ తమ్ముడి స్లైసే. బంతికి అవతల జానెడు దూరంలో, కాస్త వెనగ్గా హెడ్‌కవర్ (క్లబ్ తలకి వేసే తొడుగు) పెట్టమన్నాడు. క్లబ్ బయటి నుంచి దిగిందా, ముందు హెడ్‌కవర్ ఎగిరిపోతుంది. సగం స్పీడుతో, టీ (బంతిని నిలబెట్టే పుల్ల) మీద బంతి పెట్టి మొదలుపెట్టు తమ్ముడూ. గ్రిప్ తర్వాత చూసుకోవచ్చు.

కొత్త_గోల్ఫర్_నిజాంపేట్:
థాంక్స్ అక్కా. రేపే చేస్తా.

గోల్కొండ_తాతయ్య:
అమ్మా, మీకు చెబుతున్నది మనిషే కదా. నేను ఇందాకటి నుంచీ అదే మొత్తుకుంటున్నా.

ఫ్రిస్కో_రెడ్డి:
లేదు సార్, మీరు రేంజ్‌లో కోచ్ అన్నారు, పైకి వెళ్లి చూసుకోండి. పైగా మీకు నేర్పిన క్యాడీకి సర్టిఫికెట్ ఉందా?

గోల్కొండ_తాతయ్య:
లేదు. వెనక నిలబడి, కొట్టిన ప్రతి బంతికీ ఫేస్ ఎటు చూసిందో చెప్పేవాడు. రాడార్ లేకుండానే.

ఫ్రిస్కో_రెడ్డి:
అలాంటివాడిని చూపించండి, ట్రైపాడ్ ఇవాళే అమ్మేస్తా. ఇక్కడ మేము ఆడే పబ్లిక్ కోర్సుల్లో ఎవరి కార్ట్ వాళ్లు తోలుకోవడమే, క్యాడీ అన్నవాడే కనపడడు.