స్టాక్ క్లాసులో క్యామ్ గ్రైండింగ్, గీతలు పడిన ఆర్15 బ్లాక్: అనుభవం ఉన్నవారు చెప్పండి

తిరుచానూరు_402: అందరికీ నమస్కారం. నా బండి యమహా ఆర్15 రెండో వెర్షన్, ఈసారి 402 మీటర్ల డ్రాగ్‌లో, అంటే తిన్నటి దారి పరుగు పందెంలో, ఇంజను దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉండాల్సిన స్టాక్ క్లాసులో దిగాలని ఉంది. నాకు రెండు సందేహాలు ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో ఒక క్యామ్ (వాల్వులను తెరిచే, ముక్కున్న గుడ్డు ఆకారపు భాగం) కొన్నాను. ముక్కును ముట్టుకోలేదని, కింది గుండ్రటి భాగాన్ని మాత్రమే గ్రైండింగ్ చేశానని, కనుక అది స్టాక్ కిందికే వస్తుందని అమ్మినతను చెప్పాడు. అది నిజమేనా? రెండోది, ఆయిల్ తగ్గిన సంగతి చూసుకోక పిస్టన్ సీజ్ చేసుకున్నాను, అంటే అది బ్లాక్‌లో పట్టేసింది. బ్లాక్‌లో ఎగ్జాస్ట్ వైపు నాలుగు గీతలు పడ్డాయి, గోరుతో గీస్తే తగులుతున్నాయి. లోపల ఇనుప గొట్టం, అదే స్లీవ్, వేయించవచ్చా?

పీలేరు_ఆర్ఎక్స్: ఈ తలనొప్పులన్నీ ఫోర్ స్ట్రోక్ వాళ్లకే తమ్ముడూ. నా టూ స్ట్రోక్ ఆర్ఎక్స్100లో క్యామూ లేదు, వాల్వులూ లేవు, టాపెట్ చప్పుడు అంతకన్నా లేదు. బోరు (సిలిండర్ వ్యాసం), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) రెండూ యాభై మి.మీ., 98 సీసీ. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచును ఫైలుతో అర మిల్లీమీటరు పైకి తీస్తే మీరు వేలు పోసి కొనే క్యామ్ పని అక్కడే అయిపోతుంది.

కొలతల_మనిషి: పీలేరు అన్నా, ఆయన అడిగింది ఆర్15 సంగతి. తిరుచానూరు గారూ, మీకు అమ్మినతను చెప్పింది సగం నిజం. లిఫ్ట్, అంటే క్యామ్ ఎత్తే దూరం, ముక్కు ఎత్తు కాదు, మొత్తం ఎత్తులోంచి బేస్ సర్కిల్ (ఆ కింది గుండ్రటి భాగం) వ్యాసం తీసేస్తే మిగిలేది. ఉదాహరణకు ఎత్తు 32.5, బేస్ సర్కిల్ 26.0 అయితే లిఫ్ట్ 6.5 మి.మీ. ముక్కును వదిలేసి చుట్టూ 0.4 తీస్తే వ్యాసం 25.2కు, ఎత్తు 32.1కి దిగుతాయి, లిఫ్ట్ మాత్రం 6.9 అవుతుంది. వెర్నియర్‌తో ఎత్తు ఒక్కటే చూసేవారికి అది అరిగిపోయిన పాత క్యామ్‌లా కనిపిస్తుంది, క్యామ్‌ను తిప్పుతూ ఎత్తే దూరం కొలిచే డయల్ గేజ్ పెట్టినవారికి దొరికిపోతుంది. అమెరికాలో డ్రాగ్ పోటీలు నడిపే ఎన్‌హెచ్ఆర్ఏ స్టాక్ విభాగంలో కూడా లిఫ్ట్ కంపెనీ ఇచ్చినంతే ఉండాలి, వాల్వు ఎంతసేపు తెరిచి ఉండాలన్నది మాత్రం మన ఇష్టం. సూపర్ స్టాక్‌లో లిఫ్ట్‌కూ ఆ కట్టుబాటు లేదు. స్టాక్ అన్న మాట ఒకటే అయినా పోటీ పోటీకి అర్థం మారుతుంది కాబట్టి మీరు దిగే క్లాసు నిబంధనల కాగితం ముందు చదవండి.

పలమనేరు_టాపెట్: కాగితం మీద లెక్కలు వేయడం అందరికీ వచ్చు. నేను అటువంటి క్యామ్‌తోనే రెండు సీజన్లు పరిగెత్తాను, ఒక్కరూ విప్పి చూడలేదు.

కొలతల_మనిషి: విప్పి చూడకపోవడం నిబంధన కాదు, మీ అదృష్టం. పైగా బేస్ సర్కిల్ తగ్గితే వాల్వు సందును సరిచేసే టాపెట్ స్క్రూను అంత కిందికి దించాలి. మీ స్క్రూకు లాక్ నట్ పైన ఎన్ని మరలు మిగిలాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా?

పలమనేరు_టాపెట్: ఒకటిన్నర. ఒకసారి పరుగు మధ్యలో నట్ వదులై ఎగ్జాస్ట్ వాల్వు వంగింది, ఒప్పుకుంటున్నాను. అంతమాత్రాన నన్ను దొంగను చేయనక్కరలేదు.

మదనపల్లె_బుల్లెట్: మీ ఇద్దరి పంచాయతీ మధ్యలో ఒక మాట. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇంటేక్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు ఒకటి, రెండు క్యామ్‌లు పళ్లతో తిరుగుతాయి, దేనికి దాన్ని మార్చుకోవచ్చు. లిఫ్ట్ పెంచినవారెవరైనా హెడ్ బిగించే ముందు పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమన్ను పరిచి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి ఆ మన్నును బ్లేడుతో కోసి మందం చూసుకోండి, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఉన్న ఖాళీ అదే. క్యామ్ ఒక చుట్టు తిరగడానికి క్రాంకు రెండు చుట్లు తిరగాలన్న సంగతి మరిచిపోయి నేను ఒక్క చుట్టుతోనే సరిపెట్టాను, ఫలితం వంగిన వాల్వు రూపంలో ఇంట్లో ఉంది.

చిత్తూరు_లేత్: క్యామ్ గొడవలో ఆ అబ్బాయి బ్లాక్ సంగతి అందరూ మరిచారు. ఇరవై ఏడేళ్లుగా బ్లాకులు బోర్ చేస్తున్నాను, నేను వేసిన స్లీవ్ కదిలిందన్నవాడు ఇంతవరకు లేడు. ఆర్15 బ్లాక్ డయాసిల్, అంటే సిలికాన్ కలిపిన అల్యూమినియం, లోపల ఇనుప లైనరే ఉండదు. దాన్ని మామూలుగా బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్ దించితే నెల తిరక్కుండా పొగ వస్తుంది. కాస్ట్ ఐరన్ స్లీవ్ వేసి బోరును మళ్లీ 57 మి.మీ.కే తేవాలి. బోరు మారదు కనుక 149.8 సీసీ అలాగే ఉంటుంది. అదే 57.5 చేస్తే 152.4 అవుతుంది, క్లాసు హద్దు 150 అయితే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు.

కొలతల_మనిషి: లేత్ అన్నా, వేడెక్కితే అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బయటి వ్యాసం 61 ఉన్న స్లీవ్‌కు నూరు డిగ్రీల వేడి పెరిగితే పట్టు సుమారు 0.07 మి.మీ. సడలుతుంది. బిగువు కోసం స్లీవ్‌ను రంధ్రంకన్నా చాలామంది పెద్దదిగా ఉంచేది 0.05. మరి అది నిలిచేదెట్లా?

చిత్తూరు_లేత్: 0.05 పెట్టమని నీకు ఎవరు చెప్పారు స్వామీ? నేను 0.10 పెడతాను. బ్లాక్‌ను ఓవెన్‌లో 200 డిగ్రీలకు తెచ్చి, స్లీవ్‌ను రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, సుత్తి తగలకుండా వదిలితే దానంతటదే జారి కూర్చుంటుంది. పైన అంచు ఉంటుంది, దాన్ని హెడ్ నొక్కిపట్టుకుంటుంది. ఆ అంచు బ్లాక్ మట్టానికి సమంగా లేకపోతే గ్యాస్కెట్ పోతుంది, అది లెక్కలు చెప్పేవాడికి కాదు, చెయ్యి పెట్టేవాడికి తెలుస్తుంది.

మదనపల్లె_బుల్లెట్: అమెరికా డ్రాగ్ కార్లలో సిలిండర్ గోడలు కదలకుండా నీళ్ల దారుల్లో సిమెంటులాంటి గట్టి పదార్థం పోస్తారు. మనమూ అలా చేయలేమా?

చిత్తూరు_లేత్: కొన్ని సెకన్లు పరిగెత్తి ఆపేసే బండికి అది చెల్లుతుంది. ఈ అబ్బాయి ఇదే బండి మీద రేణిగుంటకు పనికి వెళ్తాడేమో, మధ్యాహ్నం ఎండలో ఇంజను ఉడికిపోతుంది.

తిరుచానూరు_402: నిజమే అన్నా, రోజూ వెళ్తాను. నిన్న మైక్రోమీటర్ అరువు తెచ్చి రెండు క్యామ్‌లూ కొలిచాను. కొన్నదానికి బేస్ సర్కిల్ 0.62 తక్కువ, ఎత్తు 0.31 తక్కువ ఉన్నాయి. అంటే లిఫ్ట్ 0.31 ఎక్కువ. నా పాత క్యామే మళ్లీ వేసుకుంటున్నాను. బ్లాక్ శనివారం చిత్తూరుకు తెస్తే చేస్తారా?

చిత్తూరు_లేత్: తీసుకురా. పిస్టన్, రింగులు కూడా కొని తేవాలి, పిస్టన్ చేతిలో పెట్టి కొలవందే నేను బోర్ ముట్టుకోను. ఇనుప స్లీవ్‌లో పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు (క్లియరెన్స్) కంపెనీ చెప్పినదానికన్నా కొంచెం ఎక్కువ కావాలి. నాలుగు హెడ్ బోల్టులూ మరిచిపోవద్దు, పైన ప్లేటు బిగించే హోనింగ్ చేస్తాను, అంటే గోడను రాయితో సాపు చేస్తాను.

పీలేరు_ఆర్ఎక్స్: ఆర్ఎక్స్ అయితే ఈ ఓవెన్, ఫ్రీజర్ ఏవీ అక్కర్లేదని మొదటే చెప్పాను.