ఇంట్లో చెప్పింది స్టోర్ లెక్కలు, డబ్బాలో దొరికింది కత్తి బ్యాడ్జి: జర్మన్ అధికారి రికార్డులు వెతకడం ఎలా?

నల్లఅడవి:
నేనుండేది దక్షిణ జర్మనీలో. మా ఇంటి ఓనరు పెద్దావిడ. వాళ్ళ నాన్నగారు రెండో ప్రపంచయుద్ధంలో లెఫ్టినెంట్. "బాల్కన్‌లో సరుకుల లెక్కలు చూశాను, అంతే" అని ఇంట్లో చెప్పేవారట. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఈమధ్య అటక సర్దుతుంటే ఒక డబ్బాలో రెండు ఉత్తరాలు, ఒక బ్యాడ్జి దొరికాయి. చుట్టుకున్న పాముల మధ్యకి దిగిన కత్తి బొమ్మ ఉంది దానిమీద. ఆవిడకి అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. "నువ్వు కంప్యూటర్లవాడివి కదా, కనుక్కో" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకాగితం:
అది బాండెన్‌కాంఫ్‌ఆబ్‌త్సైషెన్ అయ్యుంటుంది. పార్టిజాన్లమీద, అంటే గెరిల్లాలమీద, పోరాడినవాళ్ళకి 1944 జనవరిలో మొదలుపెట్టిన బ్యాడ్జి. కంచుదానికి 20 పోరాట దినాలు, వెండిదానికి 50, బంగారుదానికి 100 లెక్క. స్టోర్‌లో కూర్చున్నవాడికి ఊరికే ఇచ్చేది కాదు. కానీ తొందరపడకండి. ఇలాంటివి మార్కెట్లో కొంటారు, నకిలీలూ బోలెడు. బ్యాడ్జితోపాటు బెజిట్స్‌త్సోయిగ్నిస్ అనే ప్రదాన పత్రం ఇచ్చేవారు. అందులో పేరు, హోదా, యూనిట్, సంతకం ఉంటాయి. ఆ డబ్బా మళ్ళీ ఒకసారి వెతికించండి.

గోదారిగట్టు:
ఉత్తరాలమీద ఐదంకెల నంబరు ఉందా చూడండి తమ్ముడూ. అది ఫెల్డ్‌పోస్ట్ నంబరు. యూనిట్ పేరు శత్రువుకి తెలియకూడదని పేరు బదులు నంబరు వాడేవారు. ఏ నంబరు ఏ యూనిట్‌దో చెప్పే జాబితాలు ఇప్పుడు దొరుకుతాయి. ఒకే నంబరు తర్వాత ఇంకో యూనిట్‌కి ఇచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి ఉత్తరం తేదీతో కలిపి చూడాలి.

రెండోది, బెర్లిన్‌కి రాయండి. వాస్ట్ అని పిలిచే పాత సంస్థ సైనికుల గుర్తింపు బిళ్ళలు, బదిలీలు, గాయాలు, మరణాల రికార్డులు ఉంచేది. 1.8 కోట్లకు పైగా కార్డులు. 2019 నుంచి అది బుండెస్‌ఆర్కీవ్‌లో, అంటే జర్మనీ జాతీయ ఆర్కైవ్‌లో, భాగం. జవాబు నెలల తరబడి రాదు, కాబట్టి ఫారం ఇవాళే పంపేయండి.

నల్లఅడవి:
నంబరు ఉందండీ, 1943 చివరి తేదీతో. ఆయన సర్వీసు ఫైలు నేరుగా దొరకదా?

గోదారిగట్టు:
దొరికితే అదృష్టమే. సైన్యం అధికారుల ఫైళ్ళు ఫ్రైబుర్గ్‌లోని మిలిటరీ ఆర్కైవ్‌లో పెర్స్ 6 అనే విభాగంలో ఉన్నాయి, కానీ అందరివీ మిగల్లేదు. ఎస్‌ఎస్, అంటే నాజీ పార్టీ సొంత సాయుధ దళం, అధికారి అయితే దారి వేరు. ఆ ఫైళ్ళు, నాజీ పార్టీ సభ్యత్వ కార్డులు అమెరికన్ల చేతిలోని బెర్లిన్ డాక్యుమెంట్ సెంటర్లో ఉండేవి. 1994లో జర్మనీకి అప్పగించారు. మైక్రోఫిల్మ్ ప్రతులు అమెరికాలో ఉన్నాయి.

పాతకాగితం:
ఫైలు దొరికినా అందులో ఉన్నదే మొత్తం కథ అనుకోకండి. ఈ విషయంలో నాకు కుర్ట్ వాల్డ్‌హైమ్ కేసే పాఠ్యపుస్తకం. ఆస్ట్రియావాడు, జర్మన్ సైన్యంలో లెఫ్టినెంట్, 1972 నుంచి 1981 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి. 1941 చివర్లో తూర్పు రంగంలో గాయపడ్డాక వియన్నా వెళ్ళి లా చదువుకున్నానని చెప్పుకున్నాడు. అందులో కొంత నిజమే. స్టడీ లీవు తీసుకున్నాడు, 1944లో డాక్టరేటూ వచ్చింది. ఆ లీవుల మధ్య నెలలన్నీ మింగేశాడు, అదీ కథ.

1986లో ఆస్ట్రియా అధ్యక్ష ఎన్నికకి నిలబడ్డప్పుడు తీగ లాగితే డొంకంతా కదిలింది. 1942లో పశ్చిమ బోస్నియాలో ఉన్నాడు. తర్వాత థెస్సలోనీకి దగ్గర అర్సాక్లీలో, ఆర్మీ గ్రూప్ ఇ ప్రధాన కార్యాలయంలో, ఇంటెలిజెన్స్ విభాగంలో పనిచేశాడు. క్రొయేషియా ప్రభుత్వం జ్వోనిమిర్ పతకం ఇచ్చింది. 1943 మేలో పోద్‌గోరిత్సా విమానాశ్రయంలో ఎస్‌ఎస్ జనరల్ ఫ్లెప్స్ పక్కన నిలబడ్డ ఫొటో బయటికొచ్చింది. అన్నిటికంటే విడ్డూరం, యుగోస్లావియా ఆయనమీద పెట్టిన యుద్ధనేరాల ఫైలు 1948 నుంచీ ఉంది. ఆ ఫైలు వెళ్ళిన ఐక్యరాజ్యసమితి యుద్ధనేరాల కమిషన్ కాగితాలు ఉన్నది న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి ఆర్కైవ్‌లోనే! ఆయన పదేళ్ళు నడిపిన సంస్థ బీరువాలో.

ఇంకో రుజువు కార్యాలయ కాగితాలమీదే ఉంది. రిపోర్టుల కింద "నకలు సరిగ్గా ఉంది" అని ధ్రువీకరించిన సంతకాలు. అంత చిన్న సంతకాన్ని ఎవరూ దాచాలనుకోరు. 1988లో చరిత్రకారుల కమిషన్ ఆయన స్వయంగా నేరం చేశాడనడానికి రుజువు లేదంది. కానీ జరుగుతున్న యుద్ధనేరాలు ఆయనకి తెలుసని, ఆ చర్యలకి దగ్గరగానే ఉన్నాడని తేల్చింది. ఎన్నికలో మాత్రం గెలిచాడు లెండి. అమెరికా 1987లో తన దేశంలోకి రానివ్వని జాబితాలో పెట్టింది.

మూసీఒడ్డు:
బాగా చెప్పారు. అందుకే మనిషిని వదిలి యూనిట్‌ని పట్టుకోవాలంటాను. యుద్ధంలో చేజిక్కిన జర్మన్ కాగితాలను అమెరికన్లు మైక్రోఫిల్మ్ చేశారు. ఆ రీళ్ళ వరుసల్లో టీ-312 సైన్యాలు, టీ-314 కోర్లు, టీ-315 డివిజన్లు. నేను ఈ లోకంలోకి దిగింది వేరే దారిన. మన హైదరాబాద్ అబిద్ హసన్ సఫ్రానీ 1943లో నేతాజీతో ఎక్కిన యు-180 జలాంతర్గామి గురించి వెతుకుతూ నౌకాదళం రీళ్ళలోకి వెళ్ళాను, అవి టీ-1022. అక్కణ్ణుంచి డివిజన్లు రోజూ రాసుకున్న యుద్ధ డైరీలకి అలవాటుపడ్డాను.

డైరీలో "ఐఏ" అంటే ఆపరేషన్లు, "ఐబీ" సరఫరా, "ఐసీ" ఇంటెలిజెన్స్. మీ పెద్దాయన నిజంగా సరుకుల లెక్కలే చూస్తే పేరు ఐబీ కాగితాల్లో రావాలి. వెనక అనుబంధాల్లో అధికారుల పోస్టింగ్ జాబితాలుంటాయి, ముందు అవి తిప్పండి. ఎక్కువ భాగం టైపు చేసినవే. పెన్సిల్ రాతలు కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో ఉంటే మటుకు కళ్ళు పోతాయి.

స్టుట్‌గార్ట్ రావు:
యుద్ధం తర్వాత కాగితాలు మర్చిపోయారు అందరూ! నాజీ నిర్మూలన విచారణల్లో ప్రశ్నల ఫారం నింపించేవారు (అమెరికన్ జోన్‌లో 131 ప్రశ్నలు), అందులో సైనిక సర్వీసూ రాయాలి. మీ పెద్దాయన అప్పుడు ఫ్రెంచివాళ్ళు ఆక్రమించిన జోన్‌లో, అంటే దక్షిణ బాడెన్ వైపు ఉంటే ఫ్రైబుర్గ్ రాష్ట్ర ఆర్కైవ్ అడగండి. ఉత్తర వుర్టెంబెర్గ్ అయితే లుడ్విగ్స్‌బుర్గ్. 1946లో తనే రాసిన జవాబును 1943 డైరీ పక్కన పెట్టి చదవండి. నాకైతే అన్నిటికంటే పనికొచ్చింది అదే.

నల్లఅడవి:
ఆవిడ మళ్ళీ వెతికారు. ప్రదాన పత్రం లేదు కానీ వేర్‌పాస్, అంటే సైనిక సర్వీసు పుస్తకం, దొరికింది. పోరాటాల పేజీలు రెండు చింపేసి ఉన్నాయి.

మూసీఒడ్డు:
చింపితే చింపనీండి. దాంట్లో యూనిట్ల పేజీ వేరే ఉంటుంది. అది ఉందా? ఉంటే తేదీలతో సహా ఇక్కడ రాయండి, రీలు నంబరు నేను చూస్తాను. వాస్ట్ ఫారం మాత్రం ఆవిడ పేరుతోనే పెట్టించండి. కూతురు అడిగితే చుట్టరికం రుజువు చాలు, మీరడిగితే ఎందుకని సవాలక్ష ప్రశ్నలు.