అప్‌డేట్: మా ఆవు జ్వరానికి కారణం దొరికింది

పోయిన నెల అడిగాను కదా, మా జెర్సీ క్రాస్ ఆవుకి జ్వరం తగ్గి మళ్ళీ వస్తోంది, భుజం ముందు బిళ్ళ కట్టింది, రక్తం స్లైడ్‌లో మాత్రం ఏమీ లేదంటున్నారు అని. మీలో ఇద్దరు పీసీఆర్ (రక్తంలో క్రిమి డీఎన్ఏ కోసం వెతికే పరీక్ష) చేయించమన్నారు. చేయించాను. థైలీరియా పాజిటివ్. పిడుదులు కుట్టడం వల్ల రక్తంలో చేరే పరాన్నజీవి అది.

ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా ఉంచేది) రక్తం తీయించి, ఐస్ ప్యాక్‌తో సహా టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ల్యాబ్‌లో ఇవ్వడానికి పలమనేరులో తిరుపతి బస్సెక్కాను. పక్క సీటాయన ‘ఏం కూర?’ అన్నాడు. ఏం చెప్పను!

స్లైడ్ చూసినవాళ్ళ తప్పేం లేదట. పరాన్నజీవులు తక్కువగా ఉంటే, మైక్రోస్కోప్ కింద పెట్టిన ఆ ఒక్క చుక్కలో కనబడకపోవచ్చు. పీసీఆర్‌లో వాటి డీఎన్ఏ ముక్కను కోట్ల కాపీలు చేస్తారు కాబట్టి కొంచెం ఉన్నా పట్టేస్తుంది. అయితే కోలుకున్న ఆవులోనూ అవి మిగిలి ఉండొచ్చట. అందుకే డాక్టరు గారు రిపోర్టు ఒక్కటే నమ్మకుండా జ్వరం, బిళ్ళలు, రక్తహీనత అన్నీ చూశాకే థైలీరియాకి వాడే బుపార్వాక్వోన్ ఇంజెక్షన్ వేశారు. మూడో రోజు నెమరు వేసింది. పాలు ఇంకా పూటకి నాలుగు లీటర్లే, మునుపు ఏడు.

ఇప్పుడు టెన్షనంతా పిడుదులతోనే. పాక గోడ పగుళ్ళలో పుల్ల పెట్టి గీకితే గుత్తులుగా రాలాయి. పగుళ్ళు పూడ్పిస్తున్నాను. పక్కనే కట్టేసిన నాటు ఆవు మాత్రం ఏమీ ఎరగనట్టు మేస్తోంది. దానికీ టెస్టు చేయించమంటారా?