ఎమర్జ్ మధ్యలో ఆగిపోతోంది, ఒక్క ప్యాకేజీకే జాబ్స్ తగ్గించడం ఎలా?

నమస్తే అండీ. జెంటూ లైనక్స్‌లో ఎమర్జ్ (ప్యాకేజీలను సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేసే కమాండ్)తో క్యూటీ వెబ్‌ఇంజిన్ అనే పెద్ద ప్యాకేజీ బిల్డ్ చేస్తున్నాను. ర్యామ్ 8 జీబీ, కోర్లు 8. మేక్‌ఆప్ట్స్ సెట్టింగ్‌లో "-జె8" (అంటే ఒకేసారి 8 కంపైల్ జాబ్స్) పెట్టాను. గంటల తరబడి నడిచి, చివరికి సీసీ1ప్లస్ (సీ++ కంపైలర్) దగ్గర "కిల్డ్" అని వచ్చి ఆగిపోతోంది. రెండుసార్లూ అంతే, చాలా బాధేసింది. డీమెసేజ్ (కెర్నల్ లాగ్) చూస్తే మెమరీ చాలక కెర్నలే దాన్ని ఆపేసిందని తేలింది. ఒక్కో జాబ్‌కి సుమారు 2 జీబీ లెక్కేసుకోవాలట.

అన్నిటికీ జె3 పెట్టేస్తే మిగతా ప్యాకేజీలూ నెమ్మదిస్తాయి, అది నాకిష్టం లేదు. అందుకే పోర్టేజ్ (జెంటూ ప్యాకేజీ మేనేజర్) ఎన్వ్ ఫోల్డర్‌లో మేక్‌ఆప్ట్స్ "-జె3" అని ఒక ఫైలు రాసి, ప్యాకేజ్.ఎన్వ్‌లో ప్యాకేజీ పేరు పక్కన దాని పేరిచ్చాను. అయినా బిల్డ్ లాగ్‌లో నింజా (కంపైల్ జాబ్స్ నడిపే టూల్) జె8తోనే మొదలవుతోంది! మేక్.కాన్ఫ్ (పోర్టేజ్ మెయిన్ సెట్టింగ్స్ ఫైలు)లో ఎప్పుడో నింజాఆప్ట్స్ (నింజాకిచ్చే ఆప్షన్లు) కూడా విడిగా రాసుకున్నాను, అదే అడ్డుపడుతోందా? స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడే చోటు) పెంచితే సరిపోతుందా? తెలిసినవారు కాస్త చెప్పండి.