అద్దం పెడితే రంగు వలయాలు, తీస్తే మసక: పాత 120 సైజు ఫిల్మ్ నెగెటివ్‌లు ఎలా చదును చేయాలి?

మా నాన్న 1970ల్లో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో విజయవాడ బీసెంట్ రోడ్డులో తీసిన బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లు 36 ఉన్నాయి. మూడు రోల్స్, అన్నీ గొట్టంలా చుట్టుకుపోయాయి. గవర్నర్‌పేటలో రెండు స్టూడియోల వాళ్లు వీటికన్నా సన్నగా ఉండే 35 ఎంఎం ఫిల్మ్ అయితేనే స్కాన్ చేస్తామన్నారు.

మామూలు స్కానర్‌లో అంతా నల్లగా వచ్చింది. తెల్ల స్క్రీన్ పెట్టిన ట్యాబ్ మీద ఉంచి ఫోన్‌తో తీస్తే చుక్కల గళ్లు పడ్డాయి. మధ్యలో పాలరంగు అక్రిలిక్ ముక్క పెట్టి రెండు సెంటీమీటర్లు లేపాక అవి పోయాయి. మిగిలింది వంకరే. జనం ముఖాలు బాగానే వస్తున్నాయి, కానీ రోడ్డు ఊడ్చేంత వెడల్పు బెల్‌బాటమ్ అంచులు మసక. నాకు కావలసిందే అవి! ఆ కెమెరా లెన్సు అంచుల్లో మెత్తగా ఉంటుందని తెలుసు, కానీ మూలను వేలితో నొక్కితే కుట్టు కూడా కనిపిస్తోంది.

లావు నిఘంటువు కింద పది రోజులు పెట్టాను. తీసిన అరగంటకే మళ్లీ చుట్టుకుంది. పైన కిటికీ అద్దం ముక్క పెడితే నూనె మరకల్లా వలయాలు. తడపడానికి భయంగా ఉంది.

వలయాలు రాకుండా, ఫిల్మ్ పాడవకుండా ఇంట్లోనే వీటిని ఫోటో తీసేంతసేపు చదునుగా ఎలా పట్టి ఉంచాలి?