వింట్‌హాండెల్: గాలి ఏ గాలి?

డచ్ మాట 'వింట్‌హాండెల్' అంటే ఏమిటి, తెలుగులో ఏమనాలి అని నిన్న ఒకరు అడిగారు. వింట్ అంటే గాలి, హాండెల్ అంటే వ్యాపారం. తెరచాప ఓడలకు గాలి కావాలి కాబట్టి సముద్ర వ్యాపారానికి ఆ పేరు వచ్చి ఉంటుందని ఆ ప్రశ్న కింద ఒక జవాబు వచ్చింది. వినడానికి బాగుంది గానీ, అది కాదండీ. ఇక్కడ గాలి అంటే వట్టిది. మనం గాలి కబుర్లు, గాలిమేడలు అంటామే, ఆ గాలి. చేతిలో లేనిదాన్ని మాట మీదే అమ్మే బేరాన్ని అలా అన్నారు.

1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ (మచిలీపట్నంలో మన నేతబట్టలు కొన్న కంపెనీయే) వాటాలు అమ్మింది. వాటా చేతులు మారాలంటే కంపెనీ లెక్కల పుస్తకంలో పేరు మార్పించాలి. కానీ ఫలానా తేదీకి ఫలానా ధరకు ఇస్తానని ముందే ఒప్పందం రాసుకోవడానికి ఆ పుస్తకంతో పనిలేదు. 1609లో ఇసాక్ ల మేర్ అనే వర్తకుడు, ఒకప్పుడు ఆ కంపెనీ డైరెక్టరే, కొందరిని కూడగట్టి తమ దగ్గర లేని వాటాలు అమ్మించాడు. గడువులోగా ధర పడితే తక్కువకు కొని ఇచ్చేయవచ్చు, తేడా లాభం. డైరెక్టర్లు గగ్గోలు పెట్టారు. 1610లో ప్రభుత్వం, తన దగ్గర లేని వాటాను ఎవరూ అమ్మకూడదని శాసనం చేసింది. అయినా బేరాలు ఆగలేదు.

1637 నాటి తులిప్ పూల దుంపల బేరాలకూ ఇదే పేరు అంటింది. చలికాలంలో దుంపలు ఇంకా మట్టిలోనే ఉన్నాయి, తవ్వేది వేసవిలో. ఈలోగా హార్లెమ్ అనే డచ్ ఊరి సత్రాల్లో ఒప్పందం కాగితాలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. ఫిబ్రవరిలో కొనేవాళ్లు లేక అంతా కూలింది.

'హాండెల్'కు మూలం 'హాండ్', అంటే చెయ్యి. చేత్తో పట్టే పని కాస్తా వ్యవహారం, ఆపైన వ్యాపారం అయింది. అలాంటి మాట ముందు గాలిని తెచ్చి పెట్టారు చూడండి, నాకు అదే ఎంతో నచ్చింది.

తెలుగులో 'ఊహాజనిత వ్యాపారం' అందామని ఒకరన్నారు. అందులో నింద లేదు, డచ్ మాటలో ఉంది. 'సట్టా' అంటే జూదం వైపు వెళ్లిపోతుంది. నా ఓటు 'గాలిబేరం'కే. చేతులు మారింది మాటా ధరా గానీ సరుకు కాదు కదా, అందుకే వ్యాపారం కన్నా బేరం నయం. మామిడితోటను పూత మీదే అమ్మడం మాత్రం దీని కిందికి రాదు. అక్కడ కాపు తగ్గినా, తోట అమ్మినవాడిదే, కళ్లెదుటే ఉంటుంది.